వార్డు డాక్టరు, రోగి తృప్తి: ముదిగుబ్బ ప్రాంతం నుంచి ఒక పరిశీలన

ఆసుపత్రిలో చేరిన రోగుల వైద్యమే వృత్తిగా పెట్టుకుని, బయట సొంత క్లినిక్కు నడపకుండా, పనివేళంతా వార్డుల్లోనే ఉండే వైద్యుణ్ణి అమెరికాలో హాస్పిటలిస్టు అంటారు. శ్రీ సత్యసాయి జిల్లా ముదిగుబ్బ మండలంలో ఈ పేరు వాడుకలో లేదు. ఆ పని మాత్రం ఇక్కడి జనానికి కొత్త కాదు. జ్వరం ముదిరో, గుండెనొప్పి వచ్చో, పాము కరిచో బత్తలపల్లికో, ధర్మవరానికో, కదిరికో, అనంతపురానికో వెళ్ళి వార్డులో చేరిన మనిషిని పొద్దున రౌండ్సుకు వచ్చి చూసే పెద్ద డాక్టరు ఒకరుంటారు. అర్ధరాత్రి ఆయాసం ఎక్కువైతే పిలిస్తే పలికే డ్యూటీ డాక్టరు మరొకరు. ఇలాంటి వైద్యుల విషయంలో రోగులు ఎంత తృప్తిగా ఉన్నారు, ఆ తృప్తి దేని మీద ఆధారపడుతుంది అన్న ప్రశ్న మీద గత 30 ఏళ్ళలో చాలా పరిశోధన జరిగింది. దాన్ని ఈ ప్రాంతపు ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని చదివితే ఒక సంగతి బలంగా కనిపిస్తుంది. వైద్యుడు వార్డుకే పరిమితమైనవాడా, బయటినుంచి వచ్చి చూసి వెళ్ళేవాడా అన్న తేడాతో రోగి తృప్తి పెద్దగా మారడం లేదు. తనను చూస్తున్నది ఎవరు, తనకు వచ్చిన జబ్బేమిటి, ఇంటికి వెళ్ళాక ఏం చేయాలి అన్న మూడూ రోగికి తెలిశాయా లేదా అన్నదాన్ని బట్టే మారుతోంది.

హాస్పిటలిస్టు అన్న పేరును 1996 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే వైద్యులు ప్రచారంలోకి తెచ్చారు. ఇద్దరూ అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. అంతవరకు అమెరికాలో కుటుంబ వైద్యుడే పొద్దున ఆసుపత్రికి వెళ్ళి తన రోగుల్ని చూసుకుని, ఆ తర్వాత క్లినిక్కు తెరిచేవాడు. 1983లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ జబ్బును బట్టి ఒక్కో చేరికకు ఇంత అని ముందే లెక్కకట్టి చెల్లించే పద్ధతి తెచ్చింది. రోగి అవసరానికి మించి ఎన్ని రోజులు ఉంటే అంత ఖర్చు ఆసుపత్రి మీదే పడసాగింది. పరీక్ష ఫలితం మధ్యాహ్నం వస్తే దాన్ని మర్నాటి పొద్దుటి దాకా ఆపకుండా అప్పుడే చూసి నిర్ణయం తీసుకునే వైద్యుడు కావలసి వచ్చాడు. 2003లో శిక్షణలో ఉన్న రెసిడెంట్ డాక్టర్ల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేశారు. వాళ్ళు వదిలిన గంటలను నింపడానికి కూడా ఈ వైద్యులే అక్కరకొచ్చారు. 2016 నాటికి వీరి సంఖ్య 50 వేలు దాటింది. దక్షిణ కొరియా అదే ఏడాది ప్రయోగంగా మొదలుపెట్టి 2021లో దీన్ని శాశ్వత పద్ధతిగా చేసుకుంది. ఇలా ఈ వృత్తి పుట్టుకలో రోగి కోరిక ఎక్కడా లేదు. ఖర్చు, సమయం, సిబ్బంది కొరత దాన్ని పుట్టించాయి. రోగికి ఇది నచ్చుతుందా అన్న అనుమానం మొదటినుంచీ వెంటాడడానికి కారణం అదే.

ఆ అనుమానం న్యాయమైనదే. ఏళ్ళ తరబడి తెలిసిన డాక్టరును వదిలి, జబ్బు ముదిరిన రోజునే ముక్కూమొహం తెలియని డాక్టరు చేతిలో పడితే ఏ రోగి మాత్రం సంతోషిస్తాడు? అయితే లెక్కలు ఆ భయాన్ని నిజం చేయలేదు. 2007లో లిండెనావర్ బృందం 45 ఆసుపత్రుల్లోని 76,926 మంది రోగుల రికార్డులు పరిశీలించింది. హాస్పిటలిస్టులు చూసిన రోగులు సాధారణ వైద్యులు చూసినవారి కంటే దాదాపు 0.4 రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తృప్తి సంగతి చూస్తే, మసాచుసెట్స్‌లోని మూడు ఆసుపత్రుల్లో 8 వేలకు పైగా రోగుల అభిప్రాయాలతో 2012లో వచ్చిన అధ్యయనంలో కుటుంబ వైద్యులకు, హాస్పిటలిస్టులకు పడిన మార్కులు దాదాపు సమానం. మరుసటి ఏడాది దేశవ్యాప్త మెడికేర్ సమాచారంతో వచ్చిన మరో అధ్యయనం, హాస్పిటలిస్టులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రుల్లో రోగుల తృప్తి కొద్దిగా మెరుగ్గా ఉందని, డిశ్చార్జి సమయంలో ఇచ్చే సూచనల విషయంలో ఆ మెరుగు కనబడుతోందని తేల్చింది. కొద్దిగా అన్న మాటను మరచిపోకూడదు. ఎటు చూసినా ఈ తేడాలు చిన్నవే. వైద్యుడి ఉద్యోగ స్వభావం తృప్తికి పెద్ద కారణం కాదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఆధారం దొరకదు.

మరి పెద్ద కారణం ఏది? ఇక్కడ షికాగో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో వినీత్ అరోరా బృందం జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనం కళ్ళు తెరిపిస్తుంది. వార్డులో ఉన్న 2,807 మందిని, మిమ్మల్ని చూస్తున్న డాక్టర్ల పేర్లు చెప్పండి అని అడిగారు. నాలుగింట మూడొంతుల మంది ఒక్క పేరూ చెప్పలేకపోయారు. చెప్పినవారిలోనూ సరైన పేరు చెప్పింది 40 శాతమే. చదువు, భాష, సమాచార సాధనాలు అన్నీ అందుబాటులో ఉన్న నగరంలోనే ఇది పరిస్థితి. పేరు తెలియడమే గొప్ప వైద్యమని ఎవరూ అనరు. పేరు తెలియనప్పుడు మాత్రం రోగి సందేహం అడగడానికి మనిషి ఉండడు. రెండు రోజులకోసారి మారే డాక్టర్లలో ఎవరు ఏం చెప్పారో కలిపి చూసుకునే దారి ఉండదు. ఇంటికి వెళ్ళాక మందు పడకపోతే ఎవరికి చెప్పాలో తెలియదు. వార్డు డాక్టరుతో వచ్చిన అసలు చిక్కు ఇక్కడుంది. ఆయన రోగి దగ్గర ఎక్కువసేపే ఉంటాడు, కానీ ఎవరో తెలియని మనిషిగా ఉండిపోతాడు.

ఇప్పుడు ముదిగుబ్బ వైపు చూద్దాం. అనంతపురం నుంచి కదిరికి పోయే జాతీయ రహదారి మీద, ధర్మవరం–పాకాల రైలు మార్గంలో ఉన్న మండలకేంద్రం ఇది. ధర్మవరం శాసనసభ స్థానంలో, హిందూపురం లోక్‌సభ స్థానంలో భాగం. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. వేరుశనగ మీద, వాన మీద ఆధారపడ్డ ఊళ్ళు, చుట్టూ తండాలు. ఇక్కడి రోగి వార్డు దాకా వెళ్ళే దారులు రెండు మూడు రకాలు. అదే రోడ్డు మీద అనంతపురం వైపు వెళితే బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రి ఉంది. 1969లో అనంతపురం వచ్చి స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సంస్థ 2000లో దాన్ని ప్రారంభించింది. ఇంకా ముందుకు వెళితే అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, దానికి అనుబంధంగా 2000లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. ధర్మవరం, కదిరి, పెనుకొండ, హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రులు మరో అంచె. గుండె, మూత్రపిండాల వంటి పెద్ద చికిత్సలకు పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించిన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. అక్కడ రోగి నుంచి డబ్బు తీసుకోరు. వీటితో పాటు పట్టణాల్లోని ప్రైవేటు నర్సింగ్ హోములు, అవీ చాలకపోతే కర్నూలు, బెంగళూరు. ఈ ఆసుపత్రుల్లో చాలాచోట్ల జీతానికి పనిచేసే, వార్డుకు అంటిపెట్టుకుని ఉండే వైద్యులే రోగిని చూస్తారు. అమెరికా 1996లో పేరు పెట్టి చెప్పిన పనిని మన ప్రభుత్వ, ధర్మాసుపత్రులు అంతకుముందు నుంచే పేరు లేకుండా చేస్తున్నాయన్నమాట.

వైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ పని యూనిట్ల మీద నడుస్తుంది. యూనిట్ చీఫ్, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పీజీలు, హౌస్‌సర్జన్లు. పొద్దున రౌండ్సులో చీఫ్ మంచం దగ్గర నిలబడే సమయం కొన్ని నిమిషాలు. తర్వాత రోజంతా రక్తపరీక్షలు పంపేదీ, సూది మందు మోతాదు సరిచూసేదీ, కేస్ షీటు రాసేదీ, రాత్రి లేచి వచ్చేదీ పీజీలు, హౌస్‌సర్జన్లే. రోగి దృష్టిలో మాత్రం వైద్యం చేసింది పెద్ద డాక్టరు. తృప్తి అయినా, కోపం అయినా ఆయన పేరు మీదే జమ అవుతుంది. ప్రైవేటు నర్సింగ్ హోములో మరో రకం: కన్సల్టెంటు పేరు చూసి చేరతారు, 24 గంటలూ ఉండేది డ్యూటీ డాక్టరు. ఆయన ఏం చదివాడో, ఎంత అనుభవమో అడిగే అలవాటు మనకు లేదు. అందువల్ల డాక్టర్ల మీద తృప్తిగా ఉన్నారా అని మూకుమ్మడిగా అడిగే ప్రశ్నకు వచ్చే జవాబు ఏ డాక్టరు గురించో తేలదు. ఏ పనిని మెరుగుపరచాలో అసలే తేలదు. వార్డులో నిజంగా ఎక్కువ గంటలు గడిపే యువ వైద్యుడికి తన పని రోగికి ఎలా అందిందో తెలుసుకునే అవకాశం ఈ ఏర్పాటులో లేకుండా పోతోంది. ఇది రోగికి జరిగే నష్టం మాత్రమే కాదు, ఆ వైద్యుడి చదువుకు కూడా నష్టమే.

తెలుగు నేల మీద ఈ విషయంలో జరిగిన గట్టి ప్రయత్నం ఒకటుంది. 1986 చట్టంతో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు కింద నడిచిన 25 జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ సిస్టమ్స్ పరిశోధకులు వెయ్యిమందికి పైగా రోగులను అడిగి 2001లో ఫలితాలు ప్రచురించారు. అసంతృప్తికి మొదటి కారణంగా బయటపడింది లంచం. తర్వాత నీళ్ళు, ఫ్యాన్లు, లైట్లు, మరుగుదొడ్లు, శుభ్రత. ఆ తర్వాత సిబ్బంది మాట తీరు. దీన్నిబట్టి కొందరు అడుగుతారు: మన దగ్గర స్ట్రెచరు తోయడానికే చెయ్యి చాపే పరిస్థితి ఉంటే, డాక్టరు పేరు చెప్పాడా లేదా అన్న చర్చ ఎందుకు? నిజమే, ముందు చక్కబెట్టాల్సింది అదే. కానీ ఈ రెండింటికీ సంబంధం ఉంది. తనకు ఏ పరీక్ష రాశారో, అది ఉచితమో కాదో, ఎవరు రాశారో తెలిసిన రోగిని డబ్బు అడగడం కష్టం. తెలియనివాడి దగ్గరే ప్రతి గుమ్మం దగ్గరా చెయ్యి చాపుతారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిపి 2006లో ప్రచురించిన మరో అధ్యయనం ఈ మాటకు బలం ఇస్తుంది. చేరిన రోగుల తృప్తి మీద సిబ్బంది ప్రవర్తన ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ, తర్వాత డాక్టరు ప్రవర్తన, ఆ తర్వాతే మందుల లభ్యత, జబ్బు గురించిన సమాచారం, భవనాలు అని అందులో తేలింది. వార్డు అంటే డాక్టరు ఒక్కడే కాదు. నర్సు, ఆయా, వార్డుబాయి అందరి ప్రవర్తనకూ కలిపి రోగి వేసే మార్కునే మనం డాక్టరు ఖాతాలో రాసుకుంటున్నాం.

అడిగే తీరులోనూ లోపం ఉంది. మన దగ్గర అభిప్రాయ సేకరణ ఫారం ఎక్కువగా డిశ్చార్జి రోజున, వార్డులోనే, ఆసుపత్రి మనిషి చేతి మీదుగా వస్తుంది. బతికి బయటపడ్డామన్న కృతజ్ఞత, మళ్ళీ ఇక్కడికే రావాలన్న భయం, వేలిముద్ర వేసే మనిషికి చదవడం రాకపోవడం, అన్నీ కలిసి బాగుంది అన్న గడిలోనే గుర్తు పెట్టిస్తాయి. భారతదేశంతో సహా 12 దేశాల్లో సుమారు 18 వేల మంది ఇంటర్నెట్ వినియోగదారులకు నాసిరకం వైద్యాన్ని వర్ణించే కథనాలు ఇచ్చి మార్కులు వేయమన్నప్పుడు సగానికి పైగా మంది, 53 శాతం, అది బాగుంది లేదా అంతకన్నా మెరుగు అన్నారు. 2019లో వచ్చిన ఈ ఫలితం చదువుకున్నవారిది. నైజీరియాలో జరిగిన మరో పరిశోధన, అదే సేవ గురించి ప్రశ్నను పొగడ్తగా పెడితే ఒకలా, ఫిర్యాదుగా పెడితే మరోలా జవాబులొస్తాయని 2018లో చూపించింది. అమెరికాలో 2008 నుంచి ఆసుపత్రులవారీగా ఫలితాలు బయటపెడుతున్న హెచ్‌క్యాప్స్ సర్వే ఈ చిక్కును కొంత తప్పించుకుంది. రోగి ఇంటికి వెళ్ళిన 48 గంటల తర్వాత, ఆరు వారాల లోపు అడుగుతారు. తృప్తిగా ఉన్నారా అని అడగరు. డాక్టర్లు మిమ్మల్ని మర్యాదగా చూశారా, మీ మాట జాగ్రత్తగా విన్నారా, మీకు అర్థమయ్యేలా చెప్పారా అని మూడు ప్రశ్నలు. ఒక్కోదానికి ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ప్రతిసారీ అని నాలుగు జవాబులు. జరిగింది అడిగితే కృతజ్ఞత అడ్డం రావడం తగ్గుతుంది. మన దేశంలో కేంద్రం 2016లో మొదలుపెట్టిన మేరా అస్పతాల్ కూడా ఫోను, ఎస్సెమ్మెస్సు ద్వారా రోగి ఇంటికి వెళ్ళాక అడిగే పద్ధతే. దారి సరైనదే. ముదిగుబ్బ రోగి విషయంలో ఆసుపత్రిలో రాయించిన ఫోన్ నంబరు ఎవరిది, ఆ ఫోను ఇంట్లో ఎవరి జేబులో ఉంటుంది అన్నది కూడా ఆలోచించాలి. చాలాసార్లు జవాబు చెప్పేది కొడుకో, అల్లుడో. వార్డులో పడుకున్న ముసలమ్మ అనుభవం ఆమె నోటితో రికార్డు కాదు.

ఇంతదాకా వచ్చిన వాదనకు బలమైన అభ్యంతరం వైద్యుల వైపు నుంచి ఉంది. రోగికి వైద్యం తెలియదు, అతని సంతోషాన్ని కొలబద్దగా పెడితే అడిగిన సూదిమందూ, అక్కర్లేని సెలైనూ ఎక్కించే డాక్టరుకే మార్కులు పడతాయి అంటారు. ఈ భయానికి ఆధారం ఉంది. 2012లో జాషువా ఫెంటన్ బృందం సుమారు 52 వేల మంది అమెరికన్లను పరిశీలించి, అత్యంత తృప్తి చెందినవారి వైద్య ఖర్చు దాదాపు 9 శాతం, మరణ ప్రమాదం 26 శాతం ఎక్కువని చూపింది. మన ఊళ్ళలో సూది వేయని డాక్టరు డాక్టరే కాదన్న నమ్మకం ఎంత బలంగా ఉందో అందరికీ తెలుసు. కానీ ఆ అధ్యయనం కొలిచింది ప్రధానంగా ఓపీ వైద్యుల మీద రోగులకున్న మొత్తం అభిప్రాయాన్ని. వార్డులో జరిగినదాన్ని కాదు. 2013లో 55 అధ్యయనాలను కలిపి చూసిన బ్రిటిష్ సమీక్ష రోగి అనుభవం, వైద్య భద్రత, చికిత్స ఫలితం మూడూ ఎక్కువగా కలిసే నడుస్తాయని తేల్చింది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉందనుకోనక్కర్లేదు. అడిగింది ఇచ్చారా అని కొలిస్తే ఫెంటన్ చెప్పిన ప్రమాదం ఉంటుంది. అర్థమయ్యేలా చెప్పారా అని కొలిస్తే, సెలైను ఎందుకు అక్కర్లేదో విడమరిచి చెప్పిన డాక్టరుకూ మార్కు పడుతుంది. రోగి మందుల మంచిచెడ్డలు తేల్చలేకపోవచ్చు. తనకు చెప్పారో లేదో తేల్చడానికి అతనికంటే పెద్ద సాక్షి ఎవరూ లేరు.

రెండో అభ్యంతరం రద్దీ. సీజన్ జ్వరాల రోజుల్లో ప్రభుత్వ వార్డులో మంచాలు చాలక రోగులు కింద పడుకున్నప్పుడు, ఒక్కొక్కరికీ కూర్చుని వివరంగా చెప్పడం సాధ్యమా? దీనికి 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం మంచి జవాబు. టెక్సస్‌లోని ఒక కౌంటీ ఆసుపత్రిలో 51 మంది హాస్పిటలిస్టులకు చెప్పకుండా, 125 సందర్శనల్లో కొన్నింటికి రోగి మంచం పక్కనే కుర్చీ వేశారు. మిగతావాటికి కుర్చీని ఎప్పుడూ ఉండే చోటే ఉంచారు. పక్కన కుర్చీ ఉన్నప్పుడు 63 శాతం సార్లు డాక్టర్లు కూర్చున్నారు. మామూలు చోట ఉన్నప్పుడు 8 శాతమే. రోగి దగ్గర గడిపిన సమయం రెండింటా ఒకటే. తృప్తి మార్కులు మాత్రం కుర్చీ పక్కన ఉన్నప్పుడు దాదాపు 4 శాతం ఎక్కువ. పెద్ద లాభం కాకపోవచ్చు, కానీ దానికి అయిన ఖర్చు కుర్చీని నాలుగు అడుగులు జరపడం. మన వార్డుల్లో మంచం పక్కన స్టూలు ఒక్కటే ఉంటే అది రోగి వెంట వచ్చినవారిది. రౌండ్సు వేళ వారిని బయటికి పంపేస్తాం. అంటే ఇంటికి వెళ్ళాక మందులు వేయాల్సిన, అన్నం పెట్టాల్సిన మనిషికి డాక్టరు మాట వినే అవకాశమే లేకుండా చేస్తున్నాం. బెంగళూరులో మొదలై కర్ణాటక, పంజాబ్ ప్రభుత్వ ఆసుపత్రులకు విస్తరించిన నూరా హెల్త్ సంస్థ దీన్ని తిరగేసింది. వెంట ఉన్న కుటుంబసభ్యులకే వార్డులో నర్సుల చేత పాఠం చెప్పిస్తుంది. రద్దీ ఉన్నచోట డాక్టరు నిమిషాలను పెంచలేం. ఆ నిమిషాల్లో ఎవరు వింటారన్నది మాత్రం మార్చగలం.

మూడో అభ్యంతరం కాస్త లోతైనది. ఎప్పుడూ చూసే కుటుంబ వైద్యుడితో ఉండే అనుబంధాన్ని వార్డు డాక్టరు తెంచేస్తాడు అన్న విమర్శ అమెరికాది. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెలో రోగికి ఎప్పుడూ తెలిసిన వైద్యుడు చాలాచోట్ల డిగ్రీ లేని ఊరి ఆరెంపీనే. ఆయన ఆసుపత్రికి వచ్చి వార్డులో చూసిన రోజు ఎన్నడూ లేదు. కాబట్టి వార్డు డాక్టరు ఇక్కడ తెంచిన అనుబంధం ఏమీ లేదు. నష్టం వేరేచోట జరుగుతోంది. వార్డు నుంచి ఇంటికి వెళ్ళిన రోగి మళ్ళీ ఆ ఆరెంపీ చేతికే వస్తాడు, చేతిలో ఇంగ్లీషులో అచ్చయిన డిశ్చార్జి చీటీతో. అందులో ఏ మందు ఎన్నాళ్ళు వేయాలో, ఏది ఆపాలో చెప్పేవారు ఎవరు? కుటుంబ వైద్యుల వ్యవస్థ బలంగా ఉన్న అమెరికాలోనే, డిశ్చార్జి తర్వాత మొదటిసారి రోగి వచ్చేసరికి ఆసుపత్రి సారాంశం ఆ వైద్యుడికి చేరుతున్నది 12 నుంచి 34 శాతం సందర్భాల్లోనే అని 2007లో క్రిపలానీ బృందం లెక్కగట్టింది. దీనికి మందు కూడా అక్కడే పరీక్షించారు. బోస్టన్ మెడికల్ సెంటర్‌లో 749 మందితో జరిపిన ప్రయోగంలో, సగం మందికి వార్డులోనే ఒక నర్సు వారి జబ్బు, మందుల వేళలు, మళ్ళీ రావాల్సిన రోజు రాసిన చిన్న పుస్తకం ఇచ్చి వివరించింది. కొద్ది రోజుల తర్వాత ఫార్మసిస్టు ఫోను చేసి మందులు సరిగా వేసుకుంటున్నారా అని అడిగాడు. నెలరోజుల్లో వారు మళ్ళీ ఆసుపత్రి మెట్లెక్కడం దాదాపు 30 శాతం తగ్గింది. 2009లో వచ్చిన ఈ ఫలితంలో కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు.

ఇలాంటి అతుకు వేయడానికి కావలసిన మనుషులు మన దగ్గర ఉన్నారు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి, తక్కినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకం, ఆసుపత్రిలో రోగికి దారి చూపడానికి మిత్ర అనే ఉద్యోగిని పెట్టింది. పేదవాడు ప్రైవేటు వార్డులో చేరి ఇబ్బంది పడకుండా కాగితాలు చూసే మనిషి అంటూ ఒకరు ఉండాలన్న ఆలోచన గొప్పది. అయితే మిత్ర పని ఎక్కువగా అనుమతులు, క్లెయిముల చుట్టూ తిరుగుతుంది. రోగికి జబ్బు అర్థమైందా లేదా అన్నది ఆ పని జాబితాలో వెనక్కి పోతుంది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం మొదలుపెట్టిన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడు నెలకు రెండుసార్లు గ్రామానికి వెళ్ళాలన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చినవారిని చూడడం కూడా అందులో భాగం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారుతాయి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు మాత్రం ఊళ్ళో ఉంటూనే ఉన్నారు. వార్డు డాక్టరు రాసిన చీటీ తెలుగులో వీరి చేతికి చేరితే బోస్టన్ నర్సు చేసిన పని మన పల్లెలో జరుగుతుంది. ధర్మవరం వార్డులో తెలుగుతో పాటు ఉర్దూ, హిందూపురంలో కన్నడ, తండాల నుంచి వచ్చినవారికి లంబాడీ కావాలి. చెప్పేవారి దగ్గర ఆ భాష లేకపోతే రోగి తల ఊపడాన్నే అర్థమైందని రాసుకునే ప్రమాదం ఉంది.

ఈ నైపుణ్యం మన వైద్యులకు రాదని అనుకోవడం తప్పు. ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లో చదివి అమెరికా వెళ్ళిన వైద్యులు అక్కడి చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో హాస్పిటలిస్టులుగా పనిచేస్తున్నారు. జె-1 వీసా మీద శిక్షణ పొందినవారు స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న నిబంధన నుంచి మినహాయింపు కోసం, 1994 చట్టం కింద వైద్యులు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో మూడేళ్ళు పనిచేయడం వారిలో చాలామంది నడిచిన దారి. అక్కడ రోగి ఇచ్చే మార్కు ఆసుపత్రి ఆదాయం మీద ప్రభావం చూపుతుంది కాబట్టి, మంచం దగ్గరకు వెళ్ళగానే పేరు చెప్పడం, చివర్లో మీకు అర్థమైనది మీ మాటల్లో చెప్పండి అని అడగడం వారికి అలవాటైపోయింది. అదే కళాశాలలో చదివి అనంతపురం వార్డులో మిగిలిన సహపాఠిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అంతే తేడా. మన వైద్య విద్యలోనూ 2019 నుంచి ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో వైఖరి, నీతి, సంభాషణలకు ప్రత్యేక భాగం చేర్చారు. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన 2021లో చేరినవారి నుంచి అమల్లోకి వచ్చింది. తరగతిలో నేర్చిన సంభాషణ పాఠానికి వార్డులో పరీక్ష పెట్టేది రోగే అయితే ఆ పాఠం నిలుస్తుంది.

కాబట్టి ఈ ప్రాంతపు ఆసుపత్రులు రోగి తృప్తిని కొలవదలిస్తే శాతాలు తేల్చే కొత్త ఫారాలు అచ్చు వేయించనక్కర్లేదు. డిశ్చార్జి అయిన రెండో వారంలో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి, వార్డులో పడుకున్న మనిషినే అడగాలి: నిన్ను చూసిన డాక్టరు పేరేమిటి, నీకు ఏం జబ్బని చెప్పారు, ఈ మాత్రల్లో ఏది ఎన్నాళ్ళు వేసుకోమన్నారు, ఎప్పుడు మళ్ళీ రమ్మన్నారు. వచ్చిన జవాబులను కేస్ షీటుతో పోల్చి, ఏ వార్డులో ఎంతమందికి తెలిసిందో ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో చదవాలి. డాక్టరును శిక్షించడానికి కాదు, ఆ వార్డుకు స్టూళ్ళు కావాలో, తెలుగు చీటీ కావాలో, ఇంకో నర్సు కావాలో తేల్చడానికి. అది జరిగేదాకా పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో ఎవరైనా వార్డులో ఉంటే, ఆసుపత్రి గేటు దాటే ముందు చీటీ రాసిన డాక్టరు పేరు అడగండి. మందుల వేళలు, మళ్ళీ రావాల్సిన తేదీ ఆ చీటీ వెనకనే తెలుగులో రాయించుకోండి.